ఖరీదైన కార్లు, కొనువారి గౌరవము: ఒక సమీక్ష

ధర హెచ్చినకొలది మర్యాదయు హెచ్చునని లోకమున ఒక నమ్మకము కలదు. తక్కిన సరుకుల విషయమున అది యెట్లున్నను, ఏబది లక్షల రూపాయలకు పైబడి వెల పలుకు కార్ల విషయమున మాత్రము నిజమై తీరవలయునని కొనువారు తలంతురు. అమ్మువారును ఆ తలంపును ప్రకటనల ద్వారా యథాశక్తి పోషింతురు. ఐనను, మన వినియోగదారుల కమిషన్ల తీర్పులను చదివినను, హైదరాబాదులోనో విజయవాడలోనో ఇట్టి కారు కొని మూడు నాలుగేండ్లు వాడినవారిని కదిలించినను, ఒక ద్వంద్వము స్పష్టముగా గోచరించును. కారు కొన్ననాటి ముచ్చటను ఎంత ఉత్సాహముతో చెప్పుదురో, దానిని బాగు చేయించిననాటి కథను అంత ఖేదముతో చెప్పుదురు. పేరు ఒకటే, గుర్తు ఒకటే, తఱచు యజమాని యొకడే. అనుభవములు మాత్రము రెండు. ఈ భేదము వ్యక్తుల దోషమా, వ్యవస్థ దోషమా, దీనికి ఇదివఱకు ఇక్కడను విదేశములందును యత్నింపబడిన పరిష్కారములేవి, అవి యెంతవఱకు ఫలించినవి అను ప్రశ్నలను వరుసగా పరిశీలించుట ఈ వ్యాసమున తలపెట్టిన పని.

ఇది కలవారి తలనొప్పి, మనకెందుకని కొట్టివేయుట సులభము. మన దేశమున అమ్ముడుపోవు కార్లలో ఈ శ్రేణివి నూటికి ఇంచుమించు ఒకటి మాత్రమే. ఈ విపణిలో అగ్రస్థానమున నున్న మెర్సిడెస్ బెంజ్ సైతము 2024వ సంవత్సరమున దేశమంతట అమ్మినవి 19,565 బండ్లు. కాని కొనువారి స్వరూపము మాఱినది. ఒకప్పుడు జమీందారులకును, మిల్లు యజమానులకును, సినిమా తారలకును పరిమితమైన ఈ వాహనములను నేడు గచ్చిబౌలి సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, గుంటూరు వైద్యులు, భీమవరపు రొయ్యల చెరువుల రైతులు బ్యాంకులకు నెలనెలా కిస్తీలు కట్టుచు కొనుచున్నారు. వారిలో అనేకులకు ఇంటి తరువాత ఇంత సొమ్ము ధారపోసి కొన్న వస్తువు మఱియొకటి లేదు. అదియుగాక, ఇంత ధర చెల్లించి, ఇంత పలుకుబడి కలిగి, వకీలును పెట్టుకొనగల స్తోమతు కలవానికే న్యాయము దుర్లభమైనచో, చిన్నకారు కొన్న గుమాస్తా గతి యేమని యడుగుట అసంగతము కాదు.

మన దేశమున కారు కొనువాడు గౌరవార్హుడగుట మిక్కిలి ఇటీవలి సంగతి. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్ల కాలమున సొమ్ము ముందుగా కట్టి సంవత్సరములకొలది నిరీక్షించుట కొనువాని ధర్మము. బండి యిప్పించుట డీలరు దయ. 1983 డిసెంబరులో మారుతి కార్లు వెలువడుటతో ఆ బిగువు సడలనారంభించినది. 1991 నాటి సరళీకరణమును, 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల తొలగింపును దానిని తలక్రిందులు చేసినవి. 1994లో మెర్సిడెస్ బెంజ్ పూణేలో టాటాల టెల్కోతో చేయి కలిపి ప్రవేశించినది, 2007లో బి.ఎం.డబ్ల్యు. చెన్నై సమీపమున కర్మాగారము తెఱచినది, ఆ యేడే ఆడి సంస్థ తన భారతీయ శాఖను నెలకొల్పినది. 2008లో టాటాలు జాగ్వార్, లాండ్ రోవర్ సంస్థలను కొన్నారు. 2017లో లెక్సస్ వచ్చినది. ఇందఱు అమ్మజూపువారు ఏర్పడినందున డీలరు గద్దె దిగి వాకిట నిలువవలసి వచ్చినది. ఐతే ఈ పోటీ అమ్మకమునందే వచ్చినది గాని మరమ్మతునందు రాలేదు. కొనక పూర్వము నలుగురిలో ఎవరివద్దకైనను పోగలవాడు, కొన్న మఱునాటినుండి ఒకరి గుమ్మమునకే కట్టువడును. ఈ యొక్క విషయమును మనసున నుంచుకొన్నచో తక్కిన వింతలు చాలవఱకు అవగతమగును.

మొదట షోరూము సంగతి. బంజారాహిల్సు, జూబిలీహిల్సు, మాదాపురము ప్రాంతములందలి యే విక్రయశాలలో నడుగిడినను ఆదరణమునకు లోటుండదు. తలుపు తెఱచువా డొకడు, కాఫీయా టీయా యని యడుగువా రొకరు, సీటుకు కుట్టవలసిన తోలు నమూనాలను పరచి చూపువా రొకరు, ఇంటికే బండి పంపి నడిపి చూడుడనువా రొకరు. కొనువాడు కొన్ని దినములు కొత్తల్లుని మర్యాద లనుభవించును. ఈ మర్యాద అబద్ధమని చెప్పుట అన్యాయము. దానిని నేర్పుటకు తయారీ సంస్థలు శిక్షణాలయములు నడుపుచున్నవి. షోరూము నేలపై పఱచు పలకల కొలత మొదలు, వచ్చినవానిని పలుకరింపవలసిన విధము వఱకు లిఖితపూర్వకమైన ప్రమాణములు కలవు. కాని యీ మర్యాదకు ఒక ముందుమాట కలదు: వచ్చినవాడు కొనగలవాడా యను అంచనా. ఆ అంచనా తఱచు చెప్పులను, చొక్కాను, వచ్చిన వాహనమును చూచి చేయబడును.

ఈ అంచనాల చరిత్ర ప్రపంచమంతట ఒకటే. అమెరికాలో ఇయన్ ఏర్స్ అను న్యాయశాస్త్ర పండితుడు షికాగో ప్రాంతపు కార్ల దుకాణములకు ఒకే రీతిగా మాటలాడునట్లు, ఒకే పద్ధతిని బేరమాడునట్లు తర్ఫీదు పొందిన స్త్రీపురుషులను పంపి, 1991లో ప్రకటించిన పరిశోధనలో శ్వేతజాతి పురుషులకు చెప్పిన ధరకన్న శ్వేతజాతి స్త్రీలకును, నల్లజాతి వారికిని హెచ్చు ధరలు చెప్పబడినట్లు నిరూపించినాడు. అవి ఖరీదైన కార్ల దుకాణములే కావు. ఐనను కొనువాని రూపమునుబట్టి వెలయే మాఱుననుటకు అంతకన్న బలమైన నిదర్శనము అరుదు. మన ప్రక్క కర్ణాటకమున తుమకూరులో 2022 జనవరిలో ఒక రైతు సరుకుల బండి కొనవచ్చి, జేబులో పది రూపాయలైన లేవేమో యని గుమాస్తా ఎగతాళి చేయగా, గంటలోపల పది లక్షలు తెచ్చి బల్లపై పెట్టిన వృత్తాంతము పత్రికలన్నింట వచ్చినది. ఆ రైతు రొక్కము తేగలిగెను గాని దుకాణమువారు ఆ దినమున బండి ఈయలేకపోయిరి. పిదప క్షమాపణలు చెప్పిరి, బండి తయారీ సంస్థాధిపతియు వ్యక్తిగౌరవమును గూర్చి బహిరంగముగా ప్రకటించెను. లండనులో అవమానింపబడిన అల్వారు మహారాజు రోల్స్ రాయిస్ కార్లతో చెత్త మోయించెనను కథ చరిత్రకు అందునది కాదు. ఐనను దశాబ్దములుగా మన జనుల నోళ్లలో నానుచున్నదనగా, అట్టి అవమానమును తామును ఎఱుగుదుమని జనులు భావించుటయే కారణము. స్త్రీలు చెప్పు ఫిర్యాదు ఇంకొక విధమైనది: సొమ్ము తమది, సంతకము తమది, ప్రశ్న అడిగినది తామే యైనను, సమాధానము మాత్రము ప్రక్కనున్న భర్తకో తమ్మునికో చెప్పబడునని.

తరువాతిది ధర. ప్రకటనలలో కనబడునది ఎక్స్-షోరూము ధర. చేతినుండి పోవునది ఆన్-రోడ్ ధర. ఈ రెంటి నడుమ రాష్ట్ర ప్రభుత్వపు జీవితకాలపు పన్ను, బీమా, పది లక్షలు మించిన కారుపై ఆదాయపు పన్ను శాఖకు జమయగు ఒక శాతము టి.సి.ఎస్. మొదలగు న్యాయమైన పద్దులతో బాటు, రవాణాశాఖాధికారులు చట్టసమ్మతము కాదని పలుమార్లు హెచ్చరించిన హ్యాండ్లింగ్ ఛార్జీలును, అడుగకయే అంటగట్టిన పైపూతలును, చాపలును, అలంకరణ సామగ్రియు నుండును. బీమాను డీలరువద్దనే తీసికొనవలయునను నిర్బంధము చట్టమున లేదు. ఐనను బయట తీసికొందుమన్నచో ప్రమాదము జరిగిననాడు రొక్కము లేని మరమ్మతు కుదరదేమో యని మెల్లగా భయపెట్టుట సాధారణము. దీనికి కారణము దురాశ యొక్కటియే కాదు. బండిపై డీలరుకు మిగులు లాభము తగ్గింపులలో కరిగిపోవుచుండును. అతని జీవనము అప్పు ఇప్పించిన బ్యాంకు కమిషనుపైనను, బీమా రాబడిపైనను, పాత కార్ల మార్పిడిపైనను, అన్నిటికన్న మిన్నగా వర్కుషాపుపైనను ఆధారపడి యున్నది. అమెరికాలో 1958లో చేసిన చట్టము ప్రకారము ప్రతి కొత్త కారు అద్దముపైనను తయారీదారు నిర్ణయించిన ధరయు, అదనపు పరికరముల వెలలును ముద్రించిన పత్రము అంటింపవలయును. సెనేటరు మన్రోనీ పేరుతో ఆ చీటీ నేటికిని పిలువబడుచున్నది. మనవద్ద అట్టి చీటీ లేదు. సేల్సు ఉద్యోగి వ్రాసి యిచ్చు కొటేషనే శాసనము.

ఇక బండిని స్వాధీనము చేయు ఘట్టము తెలుగువారి విషయమున ప్రత్యేకముగా చెప్పదగినది. ఆషాఢమునందును, శూన్యమాసములందును బోసిపోయిన డెలివరీ ప్రాంగణములు దసరానాటికి కిటకిటలాడును. పట్టుగుడ్డ కప్పిన బండి, దానిపై పూలదండ, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు, గుమ్మడికాయ, హారతి, అట్టతో చేసిన నిలువెత్తు తాళపుచెవి, కోయుటకు ఒక కేకు, తీయుటకు ఒక ఫోటోగ్రాఫరు. ముహూర్తము దాటకుండ తొందరపెట్టు పెద్దలు. ఈ సంబరమును తప్పుపట్టవలసిన పని లేదు. కాని సరిగా ఈ సమయముననే కొనువాడు చూడవలసినవాటిని చూడడు. బండి చట్రముపై చెక్కిన పదునేడు అక్షరాంకముల సంఖ్య తన కాగితములలోని సంఖ్యతో కలియుచున్నదా, తిరిగిన కిలోమీటర్లెన్ని, రంగు ఎక్కడనైనను తిరిగి వేసినారా, టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు తెలుపు వారము, చివరి రెండు తెలుపు సంవత్సరము ఎప్పటివి అను పరీక్ష పది నిముషముల పని. హారతి వెలుగులో దానిని చేయబూనినవాడు అపశకునపు మనిషిగా కనబడును గావున ఎవడును పూనుకొనడు. ఇట్లు కొనువాని చేతిలో నున్న చివరి అధికారము ఫోటోల నడుమ జారిపోవును.

దీని తరువాత రంగస్థలము మాఱును. షోరూము నగరపు నడిబొడ్డున నుండగా, వర్కుషాపు సామాన్యముగా పారిశ్రామిక వాడలలో, రేకుల కప్పు క్రింద నుండును. సోమవారము ఉదయము అచ్చటి స్వాగతపు గదిలో కూర్చున్నచో వ్యవస్థ యంతయు అర్థమగును. సర్వీసు అడ్వైజరు చేతిలో టాబ్లెట్టు. అతని మొగమున అప్పటికే అలసట. బండి యజమాని ఎడమవైపు ముందుచక్రము దగ్గఱ, వేగనిరోధకముపై నెక్కినపుడు మాత్రము, అదియు చల్లని ప్రొద్దున మాత్రము టకటకమను శబ్దము వచ్చుచున్నదని వివరముగా చెప్పును. జాబ్‌కార్డులో అదంతయు ‘ముందుభాగమున శబ్దము’ అను రెండు మాటలుగా కుదించుకొనిపోవును. మూడవ నాటి సాయంకాలము ఫోను వచ్చును: ‘సార్, మా టెస్ట్ డ్రైవులో ఆ శబ్దం రాలేదండీ. బండి రెడీగా ఉంది, వాటర్ వాష్ కూడా చేయించాం.’ యజమాని వచ్చి తీసికొనిపోవును. నాలుగవ వేగనిరోధకమునొద్ద శబ్దము తిరిగి వినవచ్చును.

ఇందు ఎవరును అబద్ధమాడలేదు. వారంటీ క్రింద చేసిన పనికి తయారీ సంస్థ డీలరుకు సొమ్ము చెల్లించును. ఏ భాగము మార్చుటకు ఎంత కాలము పట్టవలయునో ముందుగనే నిర్ణయించి, అంతకే కూలి కట్టును. దొరకని శబ్దమును వెదకుటకై ఒక నిపుణుడు దినమంతయు గడిపినచో ఆ దినమునకు కూలి యిచ్చువాడు లేడు; కాగా ‘పరిశీలించితిమి, లోపము కనబడలేదు’ అని వ్రాసిన అడ్వైజరుకు నష్టము లేదు. భాగము మార్చవలసివచ్చినచో సంస్థ అనుమతి కావలయును. అనుమతి వచ్చినను భాగము పూణే, చెన్నై గిడ్డంగులలో లేనిచో జర్మనీనుండి రావలయును. అంతకాలము బదులు బండి యిత్తురా యన్న ప్రశ్నకు సమాధానము కాగితముపై లేదు. అది అడిగినవాని గొంతునుబట్టి యుండును. యజమాని కంపెనీకి వ్రాసినచో డీలరు స్వతంత్ర వ్యాపారి, వారితో మాటలాడుడని జవాబు. డీలరు నడిగినచో కంపెనీ అనుమతి రాలేదని జవాబు. షోరూములో ఏకమై కనబడిన పేరు, వర్కుషాపులో రెండుగా చీలును. మన ఫిర్యాదులలో అధికభాగమునకు మూలము అవినయము కాదు, ఈ చీలికయే.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదును ముంచిన వాన ఈ చీలికను బట్టబయలు చేసినది. నేలమాళిగలలో నిలిపిన కార్లు అద్దముల వఱకు నీట మునిగినవి. నీరు చొచ్చిన ఇంజనును స్టార్టు చేసినచో అది లోపల విఱుగును. అట్లు విఱిగిన ఇంజనుకు ప్రత్యేకమైన అదనపు రక్షణ కొన్నవారికి తప్ప బీమా సంస్థ సొమ్మీయదు. మరమ్మతు ఖర్చు బండి బీమావిలువలో 75 శాతమును మించినచో దానిని పూర్తి నష్టముగా నెంచి విలువనంతయు చెల్లించు నిబంధన కలదు. కావున అంచనా పట్టికలో నొక యంకె అటో యిటో యగుట లక్షల తేడా. ఆ పట్టికను వ్రాయువాడు డీలరు, పరీక్షించువాడు బీమా సర్వేయరు, యజమాని ప్రేక్షకుడు. పాలసీ కొన్ననాడు ఈ అదనపు రక్షణను గూర్చి యెవరైనను చెప్పియుండినచో కొన్ని వేల రూపాయలతో పోయెడిది; అలంకరణ సామగ్రిని గూర్చి మాత్రము అందఱును చెప్పియుండిరి.

బయటి మెకానిక్కువద్దకు పోరాదా యన్నచో, పోవుట కష్టమగునట్లు చేయబడినది. కార్ల కంపెనీలు విడిభాగములను, లోపములను కనుగొను కంప్యూటరు పరికరములను అధీకృత డీలర్లకు దప్ప అన్యులకు అందనీయక స్వతంత్ర మెకానిక్కులకు ద్వారములు మూసినవని నిర్ణయించి, భారత పోటీ కమిషను 2014 ఆగస్టు 25న పదునాలుగు సంస్థలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. వానిలో మెర్సిడెస్ బెంజ్, బి.ఎం.డబ్ల్యు., స్కోడా సైతము కలవు. వ్యవహారము అప్పీళ్లకు పోయి యేండ్లు సాగినను, ఆ నిర్ణయమునందలి తర్కము నేటికిని చెల్లును: కొనుట స్వేచ్ఛ, బాగుచేయించుట నిర్బంధము అయినచోట సేవ దానంతటది మెఱుగుపడదు.

దీనికి భిన్నముగా ప్రవర్తింప వీలు లేదా యన్నచో, వీలున్నదని చెప్పు ఉదాహరణము ఒకటి వాణిజ్య చరిత్రలో స్థిరపడియున్నది. 1989 సెప్టెంబరులో టొయోటా సంస్థ లెక్సస్ పేరిట అమెరికాలో పెద్ద కార్ల విపణిలో ప్రవేశించినది. మూడు నెలలు తిరుగకమునుపే ఎల్.ఎస్. 400 బండ్లలో విద్యుత్తీగలను గూర్చియు, వేడెక్కు బ్రేకు దీపమును గూర్చియు ఫిర్యాదులు వచ్చినవి. సంస్థ అప్పటికి అమ్మిన సుమారు 8,000 బండ్లను, యజమానులను వర్కుషాపునకు రమ్మనక, సిబ్బందిని వారి యిండ్లకు పంపి తెప్పించి, మూడు వారములలోపల బాగుచేసి, కడిగి, తిరిగి అప్పగించినది. కొత్త సంస్థ పేరు చెడవలసిన సంఘటనమే దానికి పేరు తెచ్చినది. ఇందలి రహస్యము చిఱునవ్వులో లేదు. ఖర్చు ఎవరిదన్న తగవు యజమాని చెవిని పడకుండ సంస్థయే ముందుగా మీద వేసికొనుటలో నున్నది.

కంపెనీలు తమ సేవ నాణ్యమును కొలుచుకొనుట లేదా యన్నచో, అత్యధికముగా కొలుచుకొనుచున్నవి. 1968లో కాలిఫోర్నియాలో జేమ్స్ డేవిడ్ పవర్ స్థాపించిన జె.డి. పవర్ సంస్థ కొనువారి సంతృప్తిని అంకెలలోనికి దింపుటను ఒక పరిశ్రమగా చేసినది. వెయ్యి పాయింట్ల కొలబద్దపై సంస్థలకు వరుస క్రమము ఏర్పడినది. మొదట ఇది కొనువాని గొంతును కర్మాగారము వఱకు చేర్చినది. క్రమముగా డీలర్ల ప్రోత్సాహకములు, ఉద్యోగుల జీతములు మార్కులతో ముడివడగా, బండి బాగుచేయుటకన్న మార్కులు బాగుచేయుట తేలికయని తెలిసిపోయినది. ‘సార్, కంపెనీనుండి ఫోను వస్తుంది, అన్నిటికీ పదికి పది చెప్పండి సార్, తొమ్మిదన్నా నా ఇన్సెంటివ్ పోతుంది’ అని అడ్వైజరు బతిమాలుట నేడు సర్వసామాన్యము. తెలుగువాడు మొగమాటస్థుడు, ఎదుటివాని కూటికి అడ్డుపడుట యెందుకని పది యనును. ఆ పదులన్నియు కూడి, సేవ అద్భుతముగా నున్నదని కర్మాగారమునకు నివేదికయై పోవును.

ఈ చోట ఆ ఉద్యోగుల పక్షమునను ఒక మాట చెప్పవలయును. కోటి రూపాయల కారును అమ్ము యువకుడు దానిని జన్మమున కొనలేడు. అతని స్థిరవేతనము స్వల్పము. నెలాఖరు లక్ష్యములు కఠినము. అడ్వైజరు ఉదయమునుండి రాత్రి వఱకు తాను చేయని లోపములకు తిట్లు తినుచుండును. నేర్పు సంపాదించిన టెక్నీషియను రెండు మూడేండ్లలో మఱియొక సంస్థకో గల్ఫు దేశమునకో తరలిపోవును. అతనితోబాటు బండి పూర్వచరిత్రయు పోవును. డీలరు సైతము నిర్భయుడు కాడు. 2017లో జనరల్ మోటార్సు మన దేశమున అమ్మకములను, 2021లో ఫోర్డు ఇచ్చటి కార్ల ఉత్పత్తిని నిలుపుటను ప్రకటించినపుడు, కోట్లు వెచ్చించి షోరూములు కట్టుకొన్న డీలర్లు దిక్కుతోచక నిలిచిరి. అమెరికాలో 1956నుండియే డీలర్లకు తయారీ సంస్థలపై కోర్టుకెక్కు హక్కునిచ్చు చట్టము కలదు, మనకు లేదు. తనపైవానికి జవాబుదారీ లేనిచోట క్రిందివానివద్ద దానిని ఆశించుట వ్యర్థము.

చట్టము సంగతి చూతము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఉత్పత్తి లోపమునకు తయారీదారుని, అమ్మినవానిని, సేవచేసినవానిని బాధ్యులను చేయుటకు ఒక ప్రత్యేకాధ్యాయమునే కేటాయించినది. 2021 చివర సవరించిన నియమముల ప్రకారము చెల్లించిన వెల ఏబది లక్షలు మించినచో జిల్లా కమిషనుకు కాక నేరుగా రాష్ట్ర కమిషనుకు, రెండు కోట్లు మించినచో జాతీయ కమిషనుకు పోవలయును. కావున ఒంగోలులో పెద్దకారు కొన్నవాడు అచ్చటి జిల్లా కమిషనుకు గాక విజయవాడకు విన్నవించుకొనవలయును. పరీక్ష అవసరము లేని వివాదము మూడు నెలలలోను, అవసరమైనది అయిదు నెలలలోను తేల్చవలయునని చట్టము కోరును. ఆచరణ యెట్లున్నదో మూడు తీర్పులు చెప్పును.

మొదటిది 2021 నాటిది. గోవాలో ఒకరు 2011 నాటి కారుకు సొమ్ము చెల్లింపగా, డీలరు అప్పటికే తిరిగిన 2009 నాటి బండిని అంటగట్టినాడు. డీలరు దోషము స్థిరపడినను, తయారీదారునికి ఆ సంగతి తెలిసియుండెనని రుజువు కాలేదు గావున బాధ్యత లేదని, వారిరువురి నడుమ నున్నది స్వతంత్ర వర్తకుల సంబంధమేనని సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. న్యాయశాస్త్ర దృష్టితో ఇది తప్పనలేము. కాని గోపురముపై వ్రాసిన పేరును నమ్మి లోపలికి వచ్చినవానికి ఈ తీర్పు చెప్పునది యేమనగా, ఆ పేరుగలవాడు లోపల లేడనియే. రెండవది 2024 నాటిది. కంపెనీ పేరిట కొన్న మెర్సిడెస్ బెంజ్ కారు డైరెక్టరు వాడుకకై యున్నంత మాత్రమున అది వాణిజ్య ప్రయోజనము కాదని, అట్టి కొనుగోలుదారును వినియోగదారుడేనని కోర్టు నిర్ణయించినది. పెద్దకార్లు తఱచు కంపెనీల పేరిటనే కొనబడును గావున దీని ప్రాముఖ్యము ఎక్కువ.

మూడవది మనకు సన్నిహితమైనది. 2009 సెప్టెంబరు 25న ఒక సంస్థ బి.ఎం.డబ్ల్యు. 7 సిరీసు కారును కొన్నది. నాలుగు దినములకే, సెప్టెంబరు 29న, తీవ్రమైన లోపము బయటపడినది. నవంబరు 13న మరల అదియే. వ్యవహారము పోలీసు కేసైనది. 2012లో హైదరాబాదులోని హైకోర్టు క్రిమినలు కేసును కొట్టివేయుచునే కొత్త కారు ఈయుమని తయారీదారుని ఆదేశించినది. సంస్థ సిద్ధపడినది, కొన్నవారు అంగీకరింపలేదు. వ్యాజ్యము ఢిల్లీకి పోయినది. 2024 జూలై 10న సుప్రీంకోర్టు అన్ని వివాదములకును పరిష్కారముగా ఏబది లక్షల రూపాయలు చెల్లింపుమని ఆదేశించినది. నాలుగు దినములు సరిగా నడిచిన బండికై ఇంచుమించు పదునైదేండ్లు నడిచిన వ్యాజ్యమిది. అమెరికాలోని కనెక్టికటు రాష్ట్రము 1982లోనే ఇట్టి బండ్ల విషయమున ప్రత్యేక చట్టము చేసినది. తరువాత తక్కిన రాష్ట్రములును అనుసరించినవి. ఒకే లోపమునకు సామాన్యముగా నాలుగు మార్లు మరమ్మతు జరిగినను పోకున్నను, మొత్తము ముప్పది దినములు బండి వర్కుషాపులోనే పడియున్నను, దానిని మార్చియో సొమ్ము తిరిగి చెల్లించియో తీరవలయునను లెక్క అందున్నది. నిపుణుల వాదప్రతివాదములకు బదులు వ్రేళ్లతో లెక్కింపగల నియమము. మనకు లేనిది ఇదియే.

ఇటీవల వ్యాపార పద్ధతిలోనే మార్పునకు యత్నములు జరిగినవి. మెర్సిడెస్ బెంజ్ 2021 అక్టోబరునుండి మన దేశమున బండ్లను తానే తన పేర బిల్లు వేసి కొనువానికి అమ్ముచున్నది. డీలరు ఇప్పుడు కమిషను పొందు ప్రతినిధి మాత్రమే. దేశమంతట ఒకే ధర యేర్పడినందున, ప్రక్క ఊరివానికి రెండు లక్షలు తగ్గించినారట యను వ్యథ తొలగినది. యూరపులో కొన్ని సంస్థలు ఇట్టి పద్ధతినే ప్రకటించి, ఖర్చులు భరింపలేక వెనుకకు తగ్గినవి. 2025 జూలైలో ముంబాయిలో తొలి విక్రయశాల తెఱచిన టెస్లాకు డీలర్లే లేరు. వీనివలన అమ్మకమునందలి చీలిక కొంత పూడినది. ఐతే బేరము పోయినచోట బేరమాడు కొనువాని లాభమును పోయినది. మఱియు మరమ్మతుశాల ఇంకను డీలరుదిగనే యున్నచో, అసలు వ్యాధి యథాతథముగనే నిలుచును. అమ్మినవాడే బాగుచేయు బాధ్యతను వహించినపుడు మాత్రమే ఈ మార్పు సార్థకమగును.

ఈ సమీక్షవలన తేలునది ఒక్కటి. ఖరీదైన కారుతోబాటు మనకు అమ్మబడుచున్నది ఆతిథ్యము. మనకు కావలసినది పూచీ. కావున కొనువాడు కాఫీ రుచినిబట్టి దుకాణమును ఎంచుకొనక, కొనకముందే ఒకమాఱు వర్కుషాపునకు పోయి, అచ్చట ఎన్నాళ్లుగా ఏ బండ్లు పడియున్నవో చూచి రావలయును. బండి ఇన్ని దినములు నిలిచిపోయినచో బదులు బండి యిత్తుమను మాటను బుకింగు కాగితముపై వ్రాయించుకొనవలయును. జాబ్‌కార్డులో తన ఫిర్యాదు తన మాటలలోనే ఎక్కునట్లు పట్టుబట్టవలయును. పదికి పది చెప్పుమన్న ప్రార్థనకు దయతోనే యైనను లొంగరాదు, ఏలయన ఆ దయవలన నష్టపోవునది తరువాత వచ్చువాడు. తయారీ సంస్థలు చిఱునవ్వుల మార్కులకు బదులు, ఒకే లోపముతో రెండవమాఱు తిరిగివచ్చిన బండ్ల సంఖ్యను డీలరువారీగా ప్రకటించినచో, ఏ శిక్షణాలయమును నేర్పలేని శ్రద్ధ దానంతటది యేర్పడును. శాసనకర్తలు చేయవలసినది ఇంకను సులభము: మరమ్మతులకు ఒక సంఖ్య, దినములకు ఒక సంఖ్య నిర్ణయించి, అవి దాటిననాడు ఎవరిని పట్టుకొనవలయునన్న ప్రశ్న కొనువానికి లేకుండ, తయారీదారుని డీలరును కలిపి బాధ్యులను చేయుట. ఇది చేసిననాడు లాభపడువారు పెద్దకార్లవారు మాత్రమే కారు. అయిదు లక్షల కారు కొని, వకీలును పెట్టుకొనలేక, శబ్దముతోనే బండి నడుపుకొనుచున్న వేలమందికి అది ముందుగా ఉపకరించును.